విజిల్ ఎవరి చేతిలో?

ఆదివాసీ అమ్మాయి గోల్ కొడితే చప్పట్లు కొడతాం. పతకం తెస్తే పేపర్లో ఫొటో వేస్తాం. అదే అమ్మాయి రేపు విజిల్ మెళ్ళో వేసుకుని వచ్చి, మన పిల్లల్ని నిలబెట్టి "ఇలా కాదు, అలా పరుగెత్తు" అంటే వింటామా? కొంతకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆదివాసీలను వృత్తి కోచ్‌లుగా తయారు చెయ్యాలంటున్నారు. మంచి మాటే. కానీ ఆ "తయారు చెయ్యడం" దగ్గరే నాకు ముల్లు గుచ్చుకుంటుంది. వాళ్ళకేమీ రాదని, మనం నేర్పితేనే వస్తుందని కదా దానర్థం?

జార్ఖండ్‌లోని సిమ్‌డేగా, ఖూంటీ జిల్లాలనే చూడండి. వెదురు కర్రే అక్కడి పిల్లల హాకీ స్టిక్. ఊళ్ళ మధ్య పోటీల్లో గెలిచిన జట్టుకి మేకపోతు బహుమానం. ఆ నేలనుంచి వచ్చిన నిక్కీ ప్రధాన్ 2016లో రియో ఒలింపిక్స్‌లో ఆడింది. సలీమా టెటే 2024లో భారత జట్టు కెప్టెన్ అయింది. ఆడినవాళ్ళ పేర్లు ఇంకా చెప్పగలను. జాతీయ జట్టుకి కోచ్‌గా పనిచేసిన ఆదివాసీ స్త్రీలెవరంటే మాత్రం, సుమ్‌రాయ్ టెటే పేరు చెప్పి ఆగిపోతాను.

ఎందుకిలా? ఈ లెక్క మనకి తెలియనిదేం కాదు. పొయ్యి దగ్గర మగ్గేది ఆడవాళ్ళు, పేరు మాత్రం నలభీమ పాకానిది! శ్రమ స్త్రీది, శాస్త్రం పురుషుడిది. ఆదివాసీ స్త్రీ విషయంలో దీనికి ఇంకో పొర చేరుతుంది. ఆమె ఆటని "సహజ ప్రతిభ" అంటాం, "అడవి బిడ్డ బలం" అంటాం. మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ పుట్టుకతో వచ్చిందంటే, ఆమె నేర్చుకున్నది కాదని. నేర్చుకున్నది కాకపోతే, నేర్పగలిగింది కూడా కాదని. ఆ పొగడ్తతోనే ఆమెని ఆటగత్తెగా ఉంచేసి, కోచ్ కుర్చీకి దూరం చేస్తున్నాం.

అలాగని శిక్షణే వద్దనే అమాయకత్వం కూడా నాకు లేదు. భద్రాచలం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పీఈటీగా పనిచేసే కోయ అమ్మాయి ఓసారి నాతో అంది: "అక్కా, మీ సంస్కృతి కాపాడుకోండని మాకు చెప్పేవాళ్ళందరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి. ముందు నాకూ ఒకటి రానివ్వండి." ఆమె మాటలో న్యాయం ఉంది. 1961లో పాటియాలాలో మొదలైన జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమా ఉద్యోగానికి, జీతానికి, గౌరవానికి దారి. ఆ దారి ఆమెకి అందకుండా చేసి "నీ జ్ఞానం నీకుంది కదా" అనడం కూడా ఒక రకమైన ఆధిపత్యమే. కెనడాలో సత్య, సయోధ్యల సంఘం 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో, మూలవాసుల సంస్కృతికి తగిన కోచింగ్ కార్యక్రమాలు ఉండాలన్నది కూడా ఉంది. సర్టిఫికెట్టా, సంస్కృతా అని ఏదో ఒకటి ఎంచుకోమనడం అన్యాయమని అక్కడ గుర్తించారు.

మనకీ ఇది కొత్త చర్చ కాదు. 1943లోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవో 3, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. అందులో మూడోవంతు స్త్రీలకు. బయటి టీచర్లు సరిగా బడికి రాకపోవడం దాని వెనకున్న ఒక కారణం. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం సంగతి అలా ఉంచండి. బిడ్డ ఏ భాషలో ఏడుస్తుందో ఆ భాష తెలిసి ఉండటం ప్రతిభ కిందికి రాదా?

కోచ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇల్లు వదిలి హాస్టల్‌కి వచ్చిన పన్నెండేళ్ళ పిల్లకి నెలసరి నొప్పి వస్తే, ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే, ఎవరితో చెప్పుకోవాలి? 2023లో అంతర్జాతీయ పతకాలు తెచ్చిన రెజ్లర్లే లైంగిక వేధింపుల మీద న్యాయం కోసం జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. భాష కూడా రాని పిల్ల గతేమిటి? తనలాంటి స్త్రీ కోచ్‌గా ఉండటం ఆ పిల్లకి కేవలం స్ఫూర్తి కాదు, రక్షణ. స్త్రీ అయినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని కాదు. కనీసం నోరు విప్పేందుకు ఒక మనిషి ఉంటుంది.

కోచ్ అంటే నేర్పే మనిషి మాత్రమే కాదు. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో నిర్ణయించే మనిషి. అసలు అధికారం అక్కడుంది. శిక్షణ ఇచ్చి, సహాయకురాలి హోదాలో నీళ్ళ సీసాలు అందించే పనికి పెడితే మారేదేమీ లేదు. ఎంపిక సంఘంలో ఆమె ఉండాలి. సిలబస్ రాసేచోట ఆమె ఉండాలి.

1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కి హాకీ జట్టు కెప్టెన్‌గా వెళ్ళిన జైపాల్ సింగ్ ముండా, 1946లో రాజ్యాంగ సభలో నిలబడి, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కర్లేదు, వాళ్ళ దగ్గర మీరే నేర్చుకోవాలి అన్నాడు. ఆయన మాటని మైదానానికి కూడా వర్తింపజేస్తే, మనం ముందు సిద్ధం కావలసింది ఆమెకి నేర్పడానికి కాదు. ఆమె విజిల్ ఊదితే ఆగడానికి.