చదువు మూడోది, పెళ్లి నాలుగోది



ఉపాసక, ఉపాసికలారా,

సిగాలుడనే యువకుడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటే బుద్ధ భగవానుడు చూశారు. ఎందుకని అడిగితే, తండ్రి చెప్పిపోయాడన్నాడు. దిక్కులంటే మన చుట్టూ ఉన్న మనుషులేనని బుద్ధుడు వివరించారు. అందులో తూర్పు దిక్కు తల్లిదండ్రులు. వాళ్లు బిడ్డలకు చేయాల్సినవి ఐదు: చెడు నుంచి తప్పించాలి, మంచిలో నిలపాలి, బతుకుతెరువు విద్య నేర్పించాలి, తగిన సంబంధం చూసి పెళ్లి చేయాలి, సమయానికి ఆస్తి అప్పగించాలి.

వరుస చూడండి. విద్య మూడోది, పెళ్లి నాలుగోది. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి మనం మూడో మెట్టు వదిలేసి నాలుగో మెట్టు మీదికి దూకుతున్నాం. ఐదోది గుర్తే రాదు.

పిల్ల పెద్దమనిషి అయితే ఏం చేస్తున్నాం? మూలన కూర్చోబెడతాం. వేరే కంచం, వేరే గ్లాసు పెడతాం. బడి మాన్పిస్తాం. వేరే గ్లాసు అంటే ఏంటో మన తాతలనడిగితే చెబుతారు. ఊరు మనల్ని పెట్టిన దూరంలోనే మన బిడ్డను మనం పెడితే, అంటరానితనం మన ఇంట్లో ఇంకా పోనట్టే కదా! తర్వాత అప్పుచేసి ఫంక్షన్, ఫ్లెక్సీ. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందని ఊరంతటికీ చెప్పినట్టే. మర్నాటి నుంచే సంబంధాలు మొదలు.

ఇదేదో కొద్దిమంది సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం.

బాల్యవివాహం కులాన్ని కాపాడే పనిముట్టని బాబాసాహెబ్ 1916లోనే వివరించారు. పిల్లకు సొంత ఆలోచన రాకముందే కులంలో కట్టేయడం దాని పని. 1942లో నాగపూర్ మహిళా సదస్సులో, పెళ్లికి తొందరపడొద్దని మన తల్లులకే చెప్పారు. జోగిని, మాతమ్మ పేరుతో దేవతకు వదిలేసింది కూడా మన బిడ్డల్నే. 1988 చట్టం దాన్ని నేరమంది.

"కూలికి పోతే పిల్లకు కాపలా ఎవరు? ఎవడైనా ఏమైనా చేస్తే?" అంటారు. ఆ భయం నిజమే. కానీ పదిహేనేళ్లకే పెళ్లిచేస్తే ఆ ప్రమాదం పోదు, అత్తారింటికి మారుతుందంతే. లేత ఒంటికి కాన్పు ఇంకో గండం. భయముంటే కస్తూర్బా విద్యాలయం, గురుకులం హాస్టల్ ఉన్నాయి. చేర్పించండి.

2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఎక్కడైనా అలాంటి పెళ్లి కుదిరిందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. మన బంధువులదైనా సరే. పెళ్లికొచ్చి అక్షింతలు వేసి, తర్వాత బాధపడితే అది కరుణ కాదు.

ఈ పున్నమికి విహారంలో కూర్చున్నప్పుడు మీ వాడలో బడి మానేసిన ఆడపిల్లలెవరో లెక్క తీయండి. నలుగురు తల్లులు కలిసి ఆ ఇంటికి వెళ్లండి. తిట్టొద్దు, మాట్లాడండి. ముందు ఆ పిల్లను అడగండి: "నీకేం కావాలమ్మా?" ఆమె చెప్పేది చివరిదాకా వినండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!