తొలివలపు నవలలు - పెద్దల పఠనము

నవలలు చదువుట మంచిదా, చెడ్డదా యను చర్చ మన యిండ్లలో నవలతోపాటే పుట్టినది. ఆ పాతచర్చను తిరుగ త్రవ్వుట నా యుద్దేశము కాదు. నేనిచట విచారింపదలచిన ప్రశ్న యంతకన్న చిన్నది, కాని చిక్కైనది. పదునాఱు, పదునేడేండ్ల బాలికాబాలురు మొదటిసారి ప్రేమించి, ఆ ప్రేమమూలమున తమ్ము తాము తెలిసికొను కథలు నేడు విరివిగా వెలువడుచున్నవి. అవి ఆ యీడువారి కొఱకే వ్రాయబడినవి. వానిని తల నెరసినవారు చదివి యానందించుట తగునా? తగదందురా, ఎందుచేత? తగునందురా, ఆ యానంద మెట్టిది?

"ఈ వయస్సులో భాగవతము చదువుకొనవలెగాని యీ పిల్లచేష్టలేల?" అని మనవారందురు. సముద్రమున కావలివారును ఇంచుమించుగా నీ మాటయే యన్నారు. 2014వ సంవత్సరమున రూత్ గ్రాహం అను అమెరికా పత్రికారచయిత్రి 'స్లేట్' పత్రికలో నొక వ్యాసము వ్రాసి, పిల్లలకై వ్రాసిన పుస్తకములు చదువు పెద్దలు సిగ్గుపడవలెనని వాదించెను. అంతకు రెండేండ్లముందు, 2012లో, పుస్తకవిక్రయములను పరిశీలించు బౌకర్ సంస్థ యిట్టి గ్రంథములు కొనువారిలో నూటికి 55 మంది పదునెనిమిదేండ్లు నిండినవారే యని లెక్క చూపినది. కావున నీ సిగ్గు పడవలసినవారు కొద్దిమంది కారు. ఆమె వాదసారాంశమిది: ఈ కథల ముగింపులు మితిమీరి తృప్తికరములు, పెద్దవాడు వీనిని చదువునపుడు తానార్జించిన వివేకమును ప్రక్కనబెట్టి, తాను దాటివచ్చిన వయస్సునకు మరల దిగిపోవును. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. బదులు చెప్పుటకు ముందు ఆ కథలలో నేమున్నదో చూడవలెను.

ఈ జాతి నవలలలో తొలివానిగా పలువురు పేర్కొనునది 1942లో వెలువడిన 'సెవెంటీంత్ సమ్మర్'. అనగా పదునేడవ వేసవి. వ్రాయునాటికి గ్రంథకర్త్రి మోరీన్ డేలీ కళాశాలలో చదువుచుండిన యువతి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి ఫాన్ డు లాక్ అను పట్టణము కథాస్థలము. ఏంజీ యను బాలిక హైస్కూలు చదువు ముగించినది. వేసవి గడచినంతనే చికాగోకు పోయి కాలేజీలో చేరవలెను. ఆ నడుమనున్న మూడునెలలలో రొట్టెల దుకాణమువారి కుమారుడు జాక్ ఆమెను పడవషికారునకు పిలుచును. కథ యంతే. హత్యలు లేవు, తప్పిపోయిన వారసులు లేరు.

అందు నాకు మఱపురాని ఘట్టము ముద్దుముచ్చటలది కాదు, భోజనముది. ఒకనాడు జాక్ ఏంజీ యింటికి విందునకు వచ్చును. ఐస్‌క్రీము తినునపుడు ఆతని చెంచా పండ్లకు తగిలి చప్పుడగును. తల్లియు, అక్కచెల్లెండ్రును కూర్చున్న బల్లవద్ద ఆ చప్పుడు విని పిల్లకు సిగ్గు ముంచుకొనివచ్చును. అంతవఱకు మనసు నిండియుండినవాడు ఆ క్షణమున పరాయివాడగును. తానిన్నాళ్ళు ప్రేమించినది ఆతనినా, ఆతనిని గూర్చి తానల్లుకొన్న బొమ్మనా? తన యింటి మర్యాదల విలువ యెంత? ఆ మర్యాదలెఱుగని మంచివాని విలువ యెంత? గ్రంథకర్త్రి ప్రశ్నలు వేసి మనలను పరీక్షింపదు. చెంచాచప్పుడు వినిపించి యూరకుండును. మిగిలినది చదువరికే తోచును. పెండ్లిచూపులలో కుఱ్ఱవాడు కాఫీ జుఱ్ఱున త్రాగెనని సంబంధము తప్పించుకొన్న యిల్లొకటి నేనెఱుగుదును. అచట నెవ్వరును ఏంజీ పడినంత తర్జనభర్జన పడలేదు.

తుదకు జాక్ పెండ్లియాడుదమని యడుగును. వాని కుటుంబము ఓక్లహోమాకు తరలిపోవుచున్నది. ఏంజీ కాదని, చికాగో బండి యెక్కును. ముగింపులు మితిమీరి తృప్తికరములను నాక్షేపణ యీ పుస్తకమున కంటదని చదివినవారొప్పుకొందురు.

కడచిన దశాబ్దిలో ప్రసిద్ధికెక్కిన దింకొకటి, జెన్నీ హాన్ 2014లో ప్రచురించిన 'టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్'. లారా జీన్ పదునాఱేండ్లది. కొరియా జాతీయురాలైన తల్లి గతించినది; తండ్రి వైద్యుడు; ముగ్గురు ఆడపిల్లలు. ఎవనిపైనైన మనసుపడినపుడు, ఆ వలపును వదిలించుకొనుటకై లారా యొక యుత్తరము వ్రాసి, తల్లి యిచ్చిన టోపీపెట్టెలో దాచును. అట్టివి అయిదు పోగుపడినవి. అవి యామెకు తెలియకయే యొకనాడు టపాలో పడి, చేరవలసినవారికి చేరిపోవును. తరువాతి చిక్కులు మీరూహింపగలరు.

దీనిని చదువుచుండగా నాకు రుక్మిణి జ్ఞప్తికి వచ్చినది. పోతనామాత్యుని రుక్మిణి తన మనసులోని మాటను అగ్నిద్యోతనుడను బ్రాహ్మణునిచేత ద్వారకకు పంపినది. అన్న కుదిర్చిన శిశుపాలుని సంబంధము తనకు వలదనియు, వచ్చి తన్ను కొనిపొమ్మనియు చెప్పి పంపినది. పెండ్లి కావలసిన కన్యలచేత ఆ ఘట్టమును పారాయణ చేయించుట మన కుటుంబములలో నేటికిని కల యాచారము. పీటపై కూర్చుండి చదివిన ప్రేమసందేశము పుణ్యము, మంచముపై నొరగి చదివినది పాపము! భగవద్విషయము వేఱు కదా యందురు. వేఱే, కాదనను. కాని భీష్మకుని యింటిలో నిలుచుండి యా పిల్ల చేసిన పని యేమి? తనకేమి కావలెనో తాను తెలిసికొని, తెలిసినదానిని పలికినది. ఆ సాహసపు తియ్యదనము తగులకున్న, ఇన్ని తరములు మన స్త్రీలు కంఠస్థము చేసియుండెడివారా? సావిత్రియు నట్లే, తండ్రి పంపగా తానే బయలుదేరి వరుని వెదకికొన్నది.

కావ్యములలోని కన్యలకు గల యీ యెన్నిక మన యిండ్లలోని కన్యలకు లేకపోయెను. 'కన్యాశుల్కము' 1897 ముద్రణకు వ్రాసిన యాంగ్లపీఠికలో గురజాడ అప్పారావుగారొక లెక్క యిచ్చిరి. విశాఖపట్టణము జిల్లా బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను విజయనగరము మహారాజావారు పట్టిక వ్రాయింపగా 1,034 తేలినవట. అందు వధువునకు అయిదేండ్లయినవి 99. ఏడాది పిల్లలు ముగ్గురు. పట్టికలు వ్రాయుటలో జీవితము గడపినవాడను గనుక అంకెలు చూచి చలించుట నా కలవాటు లేదు. ఆ మూడు అను అంకెవద్ద మాత్రము చాలసేపు ఆగిపోయితిని.

1929 నాటి శారదాచట్టము బాలికల వివాహమునకు 14 ఏండ్లని హద్దు పెట్టినది. 1949లో అది 15, 1978లో 18 అయినది. పాలు విడిచిన బాల్యమునకును, పొయ్యి రాజేయు సంసారమునకును నడుమ ఆడపిల్లకు కొన్నియేండ్లు దొరికినవన్నమాట. ఇంటికిని వీధికిని నడుమనుండు వసారావంటి దా కాలము. చట్టమొకవైపునను, బడి యొకవైపునను కట్టుకొనిరాగా నిలిచినది. ఆ వసారాలో నిలుచుండి వీధివంక చూచు పిల్ల కథయే యీ నవలలన్నియు. వసారాయే లేని యింట నా కథ పుట్టుటెట్లు?

రూత్ గ్రాహం వాదమునకు నా బదులిచటనే యున్నది. ఆమె దేశపు పెద్దలు తాము దాటివచ్చిన వయస్సునకు మరలి పోవుచున్నారేమో. మాకు ముందటి తరముల స్త్రీలలో పెక్కురకు అది దాటివచ్చిన వయస్సు కాదు, దక్కని వయస్సు. పురుషులకు మాత్రమెంత దక్కినది? మెట్రిక్యులేషను పత్రము చేతబట్టుకొని పదునేడవయేట ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుకొన్నవానిని "నీకేమి కావలెను నాయనా" అని యడిగిన వారెవరు? అడిగినను బదులు చెప్పుటకు వానికి మాట లుండెడివి కావు. ఎన్నడు నడుగుపెట్టని గదిలోనికి తొంగిచూచుటను వెనుకకు దిగుట యన వీలులేదు.

ఈ ప్రశ్నలో మఱియొక ముల్లున్నది, దానిని దాచరాదు. పిల్లల వలపును పెద్దలు చూచి యానందించుట యేమి మర్యాద? భరతముని ఎనిమిది రసములలో శృంగారమును ముందు చెప్పెను. అభినవగుప్తాదులు దానిని వ్యాఖ్యానించుచు, ప్రేక్షకుడాస్వాదించు రసము నాయికానాయకుల సొంత భావము కాదు, తన సొంత కోరికయు కాదు; ఫలానావారిదను ముద్ర విడిచి సర్వసాధారణమైన భావమని తేల్చిరి. అనుచితమైనచోట నది రసాభాసమగునని ఆలంకారికులు హెచ్చరించిరి కూడ. పసిపిల్లల దేహముపై వ్రాలు చూపు రసాభాసము మాత్రమే కాదు, అధర్మము. అట్టి పుస్తకమును గాని, అట్టి చదువరిని గాని నేను సమర్థింపను. కాని ఏంజీ చెంచాచప్పుడునకు సిగ్గుపడినపుడు సహృదయుడగు చదువరి యామెను చూచుట లేదు; ఆమె ప్రక్కన కూర్చుండి ఆమెతోపాటు చూచుచున్నాడు. ఈ భేదము చదువరి కంతరాత్మలో తెలియును, పైవారు తీర్పరాదు.

వీనిలో లోపములు లేవా? కావలసినన్ని కలవు. పెక్కింటిలో ఇంటియద్దె యెవరు కట్టుదురో తెలియదు. తిండికి కొఱత లేదు. ఏ కులమను ప్రశ్న మన దేశమున మూడవ పుటలోనే రావలసినది. అందు కడవఱకు రాదు. అది వారి నేరము కాదు, వారి లోకము వేఱు. మన పిల్ల యీ తేడాను మఱచి చదివినచో ప్రమాదము కలదు. ప్రేమించిన నేరమునకు సొంత బంధువుల చేతిలో ప్రాణములు పోగొట్టుకొన్న పిల్లలు మన దేశమున నున్నారు. ఆ మాట తెలియని యమాయకత్వమును ఏ నవలయు మన్నింపలేదు.

అందుచేతనే పుస్తకము లాగుకొనుట పరిష్కారమని కొందఱనుకొందురు. నాకు తెలిసిన యొక యింట తండ్రి కూతురిచేతి నవలను పెఱికి యటుకపై పడవేసెను. ఆ పిల్ల నవలలు మానలేదు. తండ్రితో మాటలాడుట మానినది. కొన్నాళ్ళకు తల్లి యటుక దులుపుచు దానిని తెఱచి, వచ్చీరాని యింగ్లీషుతో రెండువారములు చదివి, "తరువాతి భాగముందిటే?" అని కూతురి నడిగినది. కాపలాకై చదివినచో పిల్ల పసికట్టియుండెడిది. ఆమె కథపై మోజుతో చదివినది. ఇప్పుడా యింట చెప్పవలసిన సంగతులు తల్లి చెవిని పడుచున్నవి; కులము మాటయు, భయము మాటయు అచటనే, ఆ పుస్తకము మీదనే నడచుచున్నవి.

తెలుగునేల వెలుపల స్థిరపడిన మనకు ఈ విషయమున నింకొక బాధ కలదు. బడిలో ఒడియాయో, తమిళమో, కన్నడమో దిద్దుకొన్న మన స్త్రీలకు తెలుగచ్చుపై మక్కువ నిలిపినది ప్రబంధములు కావు. పత్రికలలోని ధారావాహిక నవలలు. 1964లో 'డాక్టర్ చక్రవర్తి' చిత్రమునకు మూలమైన కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణము', యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' మా వీధిలో చేతులు మాఱి మాఱి అట్టలూడినవి. వానిని వంటింటి సాహిత్యమని వెక్కిరించిన పండితుల గ్రంథములు ఆ వీధిలో నేయింటను నాకు కనబడలేదు. ఐతే ఆ నాయికలు ఎదిగినవారు. పదునాఱేండ్ల పిల్ల తన్ను తాను వెదకికొను నవల తెలుగున మిక్కిలి యరుదు. కావున మన పిల్లలు తమ హృదయమును ఇంగ్లీషులో తెలిసికొనుచున్నారు.

మా మనుమరాలు 'క్రష్' అనుదానికి తెలుగేమని యడిగినది. ఆకర్షణ యన్నచో కచేరీ జాబువలె నున్నది. మోహము బరువెక్కినది. వలపు పండిపోయినది. కొంతసేపాలోచించి, మరులు అంటిని. ఫలానావానిపై మరులుకొన్నది యందురు గదా. పిల్ల ఆ మాటను రెండుసార్లు పలికి, బాగున్నదని, తన పుస్తకపు అంచున వ్రాసికొన్నది. బరంపురము బడిపిల్ల గనుక ఒడియా యక్షరములతో వ్రాసినది.

మా పెద్దక్కగారికి ఎనుబదేండ్లు దాటినవి. 1949 నాటి సవరణ చెప్పిన పదునైదేండ్లు నిండిన కొలదినెలలకే యామెకు వివాహమైనది. ఇప్పుడు చూపు మందగించి అచ్చు కానరాదు. మొన్నటి వేసవిలో ఏంజీ కథను దినమున కింతగా తెలుగుచేసి యామెకు వినిపించితిని. జాక్ పెండ్లిమాట యెత్తినచోట, పడవలోని చోట, విందుచోట ఆమె యేమియు ననలేదు. బండి కదలి కథ ముగిసిన పిమ్మట మాత్రము,

"ఏరా, ఆ పిల్ల చదువు పూర్తయిందా?" అని యడిగినది.

గ్రంథకర్త్రి యంతవఱకు చెప్పలేదంటిని.

"చెప్పాల్సింది" అని, కొంతసేపూరకుండి, రేపు మరల మొదటినుండి చదువుమన్నది.