మత్తు వదిలించే మందు మత్తేనా?

రమజాన్ నెలవంక కనబడిన రాత్రి ఒక సోదరుడు గట్టి సంకల్పం చేసుకున్నాడనుకుందాం. ఆదిలాబాద్‌ ప్రాంతంలోనో, కరీంనగర్ ప్రాంతంలోనో కూలి పని చేసుకుని బతికే మనిషి. పదేళ్లుగా సాయంత్రం కల్లు కాంపౌండుకు వెళ్లనిదే ఆయనకు నిద్ర పట్టదు. ఇక ముట్టనని అల్లాహ్‌కు మాట ఇచ్చాడు. మొదటి ఉపవాసం గడిచింది. రెండో రోజు చేతులు వణికాయి, రాత్రంతా కన్ను మూతపడలేదు. మూడో రోజు తరావీహ్ నమాజులో నిలబడిన చోటే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆస్పత్రిలో డాక్టరు మాత్రలు రాసి, వాటిని కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలని చెప్పారు. ఇంట్లో పెద్దన్న ఆ మాత్రలు చూసి, “ఇవీ మత్తు మాత్రలేనట కదా! ఒక హరామ్ వదిలి ఇంకో హరామ్ పట్టుకుంటావా తమ్ముడూ? ఈమాన్ ఉంటే ఒక్కసారే మానెయ్” అన్నాడు.

ఈ ఉదాహరణ మనం ఊహించుకున్నదే. కాని పెద్దన్న అడిగిన ప్రశ్న మాత్రం మన ఇళ్లలో నిజంగా వినబడేదే. దీనికి షరీఅత్ వెలుగులో జవాబు వెతకడం అవసరం. ఎందుకంటే ఇక్కడ తప్పు జవాబు ఒక ప్రాణం తీయగలదు.

ముందుగా అసలు విషయం తెలుసుకుందాం. తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి దిగిన కల్లులో ఉండేది సారా మత్తు. అదే హరామ్ కావడానికి చాలు. కాని తెలంగాణలో చాలాచోట్ల కాంపౌండ్లలో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటి మత్తుమందులు కలుపుతారు. తాగేవాడు తనకు తెలియకుండానే ఏళ్ల తరబడి ఈ మందులకు బానిస అవుతాడు. మెదడు నరాలను జోకొట్టే ఆ మందు హఠాత్తుగా ఆగిపోతే నరాలన్నీ ఒక్కసారి రెచ్చిపోతాయి. వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు జరిపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఎందరో ఇలాగే మతి చలించి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరకనప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఈ స్థితిలో డాక్టర్లు అదే జాతికి చెందిన, నెమ్మదిగా పనిచేసే మందును కొలతగా ఇచ్చి, దినదినం తగ్గిస్తూ ఆపేస్తారు. మెట్టు మెట్టుగా కిందికి దించడమే ఈ చికిత్స.

బ్రౌన్ షుగర్, నల్లమందు, నొప్పి మాత్రల వ్యసనానికి చికిత్స ఇంకొక రకం. అక్కడ బుప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మందులు వాడతారు. సరైన మోతాదు కుదిరాక రోగికి కైపు ఎక్కదు. ఒంటినొప్పులు, ఆరాటం ఆగిపోతాయి. అతను పనికి పోగలడు, పిల్లలతో మాట్లాడగలడు. కొందరికి ఈ మందు నెలలు కాదు, ఏళ్లు అవసరమవుతుంది. తొందరపడి ఆపినవాడు మళ్లీ పాత మోతాదు పుచ్చుకుంటే, అలవాటు తప్పిన శరీరం తట్టుకోలేక ఊపిరి ఆగి చనిపోయే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు పెద్దన్న అభ్యంతరాన్ని గౌరవంగానే పరిశీలిద్దాం. దానికి ఆధారం లేకపోలేదు. మద్యాన్ని మందుగా తయారు చేస్తానన్న వ్యక్తితో, అది మందు కాదు, రోగమేనని దైవప్రవక్త (స) చెప్పినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. మద్య నిషేధపు ఆయత్ అవతరించినప్పుడు మదీనా వాసులు సారాయిని వెంటనే వీధుల్లో పారబోశారు. మరి మనకెందుకీ వారాల గడువు?

నిజమే, పాపం మానడానికి గడువు లేదు. నిషేధం దశలవారీగా వచ్చింది కదా అని ఈరోజు ఎవరూ సగం సీసా తాగడానికి వీల్లేదు. కాని మన ఉదాహరణలోని సోదరుడు కల్లు మానలేదా? మానాడు, నెలవంక చూసిన రాత్రే మానాడు. తౌబా ఆ రోజే పూర్తయింది. మిగిలింది పాపం కాదు, పాపం వదిలి వెళ్లిన గాయం. గాయానికి మందు వేయడం పాపాన్ని కొనసాగించడం ఎలా అవుతుంది?

మత్తు హరామ్ కావడానికి కారణం అది బుద్ధిని కప్పేయడం. నిసా సూరా 43వ ఆయత్, మత్తులో ఉన్నవారిని తాము పలికేది తమకు తెలిసేవరకు నమాజు దరికి రావద్దంది. ఈ కొలమానమే ఇక్కడా పెట్టి చూడండి. కల్లు తాగిన రాత్రి ఆ మనిషికి తాను పలికేది తెలియదు. వైద్యుడిచ్చిన మోతాదుతో కుదుటపడిన రోజు తెలుస్తుంది. ఒకటి బుద్ధిని దోచుకుంది, మరొకటి దాన్ని తిరిగి ఇచ్చింది. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం న్యాయమా?

అబూదావూద్ గ్రంథంలోని ఒక సంఘటన మన కళ్లు తెరిపించాలి. ప్రయాణంలో ఒక సహాబీ తలకు గాయమైంది. ఆ రాత్రి ఆయనకు స్నానం విధి అయింది. తయమ్ముమ్‌కు అనుమతి ఉందా అని తోటివారిని అడిగారు. లేదన్నారు. స్నానం చేసి చనిపోయారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు, వాళ్లే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసిందని, అజ్ఞానానికి మందు అడగడమేనని బోధించారు. సోదరులారా! ఆ తోటివారు దుర్మార్గులు కారు, ధర్మనిష్ఠతోనే చెప్పారు. మన పెద్దన్న కూడా అలాంటివాడే. భయమంతా అక్కడే ఉంది.

ముస్లిం దేశాల్లో ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొన్నారు. 2005లో ఇరాన్ న్యాయవ్యవస్థ అధిపతి ఆయతుల్లా షాహ్రూదీ, ఇలాంటి చికిత్సలకు అడ్డుపడవద్దని న్యాయమూర్తులను ఆదేశించారు. మలేషియాలో 2010లో కౌలాలంపూర్ అర్రహ్మాన్ మసీదులోనే మెథడోన్ చికిత్స, ధర్మబోధ కలిపి ప్రారంభించారు.

అయితే ఈ అనుమతికి హద్దులున్నాయి. అవసరం నిషిద్ధాన్ని సమ్మతం చేస్తుందని, ఆ సమ్మతి అవసరమున్నంత మేరకేనని ధర్మశాస్త్రవేత్తలు సూత్రీకరించారు. కాబట్టి మాత్రలు అర్హుడైన వైద్యుడు రాయాలి, మోతాదు ఆయనే నిర్ణయించాలి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని మింగడం చికిత్స కాదు, పాత వ్యసనమే కొత్త పొట్లంలో. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వరాదు. ఇంట్లో బాధ్యత గలవారు మాత్రలను తమ దగ్గర ఉంచుకుని వేళకు ఇవ్వడం మేలు. రమజాన్‌లో మోతాదును సహరీకి, ఇఫ్తార్ తర్వాతకు మార్చవచ్చేమో డాక్టరునే అడగాలి. కుదరదంటే బఖరా సూరా 184, 185 ఆయత్‌లు రోగికి ఇచ్చిన వెసులుబాటు ఉండనే ఉంది, ఆ ఉపవాసాలు తర్వాత పూర్తి చేసుకోవచ్చు. మందు ఒక్కటే చాలదు కూడా. పాత స్నేహాలు మారాలి, సాయంత్రపు ఖాళీ వేళ నిండాలి. ఆ వేళకు మసీదు తలుపులు తెరిచి ఉండాలి.

మద్యం తాగి పదే పదే శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించబోతే, అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తున్నాడని చెప్పి దైవప్రవక్త (స) వారించినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. తాగుతున్నవాడి విషయంలోనే అంత కరుణ చూపితే, మానాలని మాత్ర మింగుతున్నవాడికి మనం ఎంత అండగా ఉండాలి!

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఒక్కసారే మానెయ్యమని ఒత్తిడి చేయకండి. అతని చేయి పట్టుకుని ప్రభుత్వాస్పత్రి మానసిక వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 ఉచిత ఫోన్ నంబర్లు ఉన్నాయి. మరునాడు నమాజుకు కూడా అతన్ని మీ పక్కనే నిలబెట్టుకోండి.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవాడితో సమానమని మాయిదా సూరా 32వ ఆయత్ బోధిస్తోంది. తెలియని విషయంలో తీర్పు చెప్పే తొందర నుంచి అల్లాహ్ మనల్ని కాపాడుగాక! వ్యసనంతో పోరాడుతున్న సోదరులకు స్వస్థతను, స్థిరత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.