ఉత్తరదేశ నివాసము

మన యువకులు కొందఱు స్వీడను దేశమునకేగి స్థిరపడుచున్నారు. ఇది మేలా, కీడా?

అచ్చట శిశువు పుట్టినచో తలిదండ్రులిరువురకును గలిపి 480 దినముల సెలవు భృతితో లభించును. బిడ్డలను గొట్టుట 1979 నుండియు శాసనవిరుద్ధము. ఒకప్పుడు బెత్తము పట్టిన ఉపాధ్యాయుడనగుటచే నేనిది చదివి సిగ్గుపడితిని.

నష్టములును గలవు. ఉత్తరపు కొనయందలి కిరునా పట్టణమున డిసెంబరులో కొన్ని వారములు సూర్యుడే యుదయింపడు. భాష నేర్వనివాడు జనమధ్యమున నొంటరియే. ఇచ్చట వృద్ధులైన తలిదండ్రులు ఫోనునందలి మాటతోడనే తృప్తినొందవలెను.

అయినను స్వీడను పుట్టుకతో సుఖదేశము గాదు. 1867–69 కఱవునకు దాళలేక అచ్చటివారే వేలకొలది అమెరికాకు వలసపోయిరి. నేటి సౌఖ్యము నిలిచినవారు పన్నులిచ్చి కట్టుకొన్నది.

కావున పోవువారిని నిందింపను, ఉన్నవారినే యడిగెదను. మన పాఠశాలలందును 2009 చట్టము దండనమును నిషేధించినది. కొందఱి చేయి మాత్రము మానలేదు. బెత్తమును పాఱవేయుటకు విమానమెక్క నక్కఱలేదు గదా!