జాకీ లేని బండి

 

సంక్రాంతి దాటిన వారంలో ఒక సోమవారం సాయంత్రం, వేములవాడలోని బంధువుల ఇంటి నుండి కరీంనగర్‌కు బయలుదేరాము. సోమవారం నాడు ఆ రోడ్డు ఎలా ఉంటుందో అక్కడివారికి వేరుగా చెప్పనవసరం లేదు. రాజన్న దర్శనానికి వచ్చిన వారి జీపులు, ఆటోలు, డీసీఎంలు బారులు తీరి ఉంటాయి. ఆ గుడి ఆవరణలో దర్గా ఉన్న ఊరుగా వేములవాడకు తరతరాలుగా పేరుంది. దాని గురించి చాలామంది చాలా మాట్లాడతారు. మేము చెప్పబోయేది మాత్రం గుడి సంగతీ కాదు, దర్గా సంగతీ కాదు, రోడ్డు సంగతి.

ఊరు దాటి కొంత దూరం వచ్చాక వెనుక టైరు పంక్చరయింది. స్టెప్నీ ఉంది, దానిలో గాలీ ఉంది. జాకీ, పానా మాత్రం లేవు. డిక్కీ శుభ్రం చేసినప్పుడు తీసి ఇంట్లోనే మరిచిపోయాము. సూర్యుడు అస్తమిస్తున్నాడు. బండిలో మా అమ్మ, మా ఇంటావిడ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. చెయ్యెత్తితే బండ్లు ఆగకుండా పోతున్నాయి. గడ్డాన్నీ టోపీనీ, లోపలి బురఖాలనూ చూసి ఆగటం లేదేమోనన్న అనుమానం మనసులోకి వచ్చింది. దాచుకోకుండా చెబుతున్నాము, వచ్చింది.

అంతలో ఒక తుఫాన్ బండి మమ్మల్ని దాటి కొంచెం ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. గుండ్లు కొట్టించుకుని తిరిగి వెళుతున్న కుటుంబం. నలుగురు కుర్రాళ్ళు దిగారు, వాళ్ళ జాకీ తీశారు. ఆకాశం వంక చూస్తున్న మమ్మల్ని గమనించి వారిలో ఒకతను, “మీ నమాజు యాళ్ళైనట్టుంది, కానియ్యుండ్రి, ఇది మేం జూసుకుంటం” అన్నాడు. రోడ్డు దిగువన తువ్వాలు పరచి మగ్రిబ్ చేసుకున్నాము. వారిలోని పెద్దావిడ వచ్చి మా అమ్మ పక్కన కూర్చుంది. పిల్లల చేతుల్లో ఏదో పెట్టబోయి ఆగి, “ఇది ప్రసాదం గాదు బిడ్డా, ఇంట్ల చేసిన సకినాలు” అని చెప్పి మరీ ఇచ్చింది. మనకు ఏది ఇబ్బందో ఆమె మనకన్నా ముందే ఆలోచించింది! డబ్బు ఇవ్వబోతే కుర్రాళ్ళు నవ్వారు. “బండన్నంక ఎవలదైనా ఆగుతదన్నా” అన్నారు.

మళ్ళీ బయలుదేరాక మా పెద్దబ్బాయి అడిగాడు. “అబ్బా! ఆ రోజు మనమెందుకు ఆగలేదు?”

ఆ రోజు సిరిసిల్లలో ఒక నికాహ్‌కు వెళుతున్నాము. ఆలస్యమైంది. రోడ్డు పక్కన చెడిపోయిన ఆటో, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి, చెయ్యెత్తిన తండ్రి. వేగం తగ్గించనైనా లేదు. దువా వేళకు అందుకోవాలన్న తొందర. వాడి ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఒక ప్రయాణంలో హజ్రత్ జాబిర్ (రజి) గారి ఒంటె అలసిపోయి దండు వెనుక ఉండిపోయింది. దండును నడిపిస్తున్న దైవప్రవక్త (స) స్వయంగా ఆయన దగ్గరకు వచ్చి విషయమడిగారు, ఒంటెను అదిలించారు, దువా చేశారు. అది ఉత్సాహంగా నడిచింది. తరువాత ఆ ఒంటెను బేరమాడి కొన్నారు. మదీనా చేరాక వెల చెల్లించి, ఒంటెనూ ఆయనకే ఇచ్చివేశారు. ఒక మనిషిని అతని వాహనం ఎక్కించటం, అతని సామాను దానిపైకి అందించటం కూడా సదఖాయేనని బోధించినవారు ఆయనే. నాటి ఒంటె మాట నేటి కారుకు వర్తించదని ఎవరైనా అంటారా?

సూరా మాఊన్‌ను మనం నమాజులో తరచుగా చదువుతాము. ఏడే ఆయతులు, పిల్లలకు కూడా కంఠస్థం. ప్రదర్శన కోసం నమాజు చేసేవారిని గురించి చెప్పిన వెంటనే, చిన్నపాటి వాడుక వస్తువులను కూడా ఇతరులకు ఇవ్వనివారిని గురించి అల్లాహ్ హెచ్చరించాడు. ఆ వస్తువులంటే చేద, వంటపాత్ర వంటివని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వివరించారు. అడిగినవారికి అరువిచ్చే వస్తువులన్న మాట. ఆ సాయంత్రం మాకు చేద బదులు జాకీ అవసరమైంది. ఆ సూరా చదివే మేము ఒకనాడు ఆగకుండా పోయాము. అది ఎన్నడూ వినని కుర్రాళ్ళు వెనక్కి తిరిగి వచ్చారు.

సాయం చేసింది మనవారు కాదు కదా అని కృతజ్ఞతను తగ్గించుకునేవారు కొందరున్నారు. వారు ముత్ఇమ్ బిన్ అదీ సంగతి తెలుసుకోవాలి. తాయిఫ్ నుండి గాయాలతో తిరిగి వచ్చిన దైవప్రవక్త (స)కు మక్కాలో అడుగుపెట్టేందుకు రక్షణ కల్పించింది ఆయనే. తన కుమారులతో ఆయుధాలు ధరించి నిలబడ్డాడు. ఇస్లాం స్వీకరించకుండానే చనిపోయాడు. క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధం తరువాత ఖైదీలను చూసి దైవప్రవక్త (స), ముత్ఇమ్ బ్రతికి ఉండి అడిగి ఉంటే వీరందరినీ ఆయన కోసం వదిలివేసేవాణ్ణని అన్నారు. ఏళ్ళు గడిచినా, యుద్ధం జరిగినా ఆ మేలు మరువలేదు.

రాత్రివేళ, ఆడవారు వెంట ఉండగా నిర్జన ప్రదేశంలో ఆగటానికి భయపడటంలో తప్పు లేదు. అటువంటప్పుడు 112కు ఫోన్ చేసి చోటు చెప్పవచ్చు. దానికి అర నిమిషం చాలు. ప్రమాదంలో గాయపడినవారి దగ్గర ఆగితే పోలీసు కేసులలో ఇరుక్కుంటామన్న భయం కూడా అక్కర్లేదు. సద్భావంతో ఆదుకున్నవారికి రక్షణనిస్తూ మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ సెక్షన్‌ను చేర్చారు. నికాహ్‌కు ఆలస్యమైందన్న సాకుకు మాత్రం మాకు ఏ గ్రంథంలోనూ మినహాయింపు కనబడలేదు.

ఆ కుటుంబం హుజూరాబాద్ వైపు పోతున్నదని మాత్రమే తెలిసింది. ఊరు అడగలేదు, పేర్లు కూడా అడగలేదు. మా అమ్మ ఇప్పటికీ దువాలో ఆ పెద్దావిడను “సకినాల అక్క” అనే తలచుకుంటుంది. జాకీ, పానా డిక్కీలోకి తిరిగి చేరాయి, ఒక తాడు కూడా కొన్నాము. రోడ్డు పక్కన బండి ఆగి ఉంటే ఇప్పుడు మా కన్నా ముందు మా అబ్బాయే చూస్తాడు. చూసి, వెనక సీటులోంచి మా భుజం తడతాడు.