మిగిల్చిన రూపాయి ఎవరిది?

గృహస్థుడు ధనము కూడబెట్టుట ధర్మమా, కాదా అను ప్రశ్న నేటిది కాదు. శాస్త్రము ఒకవంక దానమును కీర్తించుచున్నది. లోభమును కామక్రోధముల సరసన నిలిపి నిందించుచున్నది. మరొకవంక అదే శాస్త్రము అతిథిని ఆదరింపుమనియు, వృద్ధులైన తల్లిదండ్రులను పోషింపుమనియు, దేవతార్చన నిత్యము జరుపుమనియు గృహస్థుని ఆదేశించుచున్నది. వట్టిచేతులతో ఈ పనులు ఎట్లు సాగును? ఇంట గింజ లేనివాడు వాకిట నిలిచిన ఆకలిగొన్నవానికి ఏమి పెట్టగలడు? కావున దాచుట తప్పని చెప్పుటకు వీలులేదు; దాచినదంతయు ఒప్పని చెప్పుటకును వీలులేదు. ఈ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనన్నదే విచారింపదగిన విషయము.

ఇందుకు శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి ప్రాంతపు సంసారములను ఉదాహరణముగా గ్రహింపవచ్చును. అచ్చటినుండి ఉత్తరముగా సాగిన యాత్రికునికి పూరీ జగన్నాథుడు. దక్షిణముగా వచ్చినవానికి శ్రీకూర్మనాథుడు, రామతీర్థము, సింహాద్రి అప్పన్న. ఇంకను దూరమేగినవానికి ఏడుకొండలవాడు. ఊరిలో ఏటేట కొత్తమ్మతల్లి జాతర. వరిసేద్యము, కూలిపని, చిన్న వర్తకము జీవనాధారములైన ఇండ్లలో ఈ యాత్రలకును, ఈ పండుగలకును ధనము ఊరకే సమకూడదు. తిరుపతి మ్రొక్కు ఉన్న ఇల్లాలు పసుపుగుడ్డలో ముడుపు కట్టి, చేత మిగిలిన రూపాయిని అందులో వేయుచు పోవును. ఆ రూపాయి మూడు దారులలో దేనినుండియైనను వచ్చియుండవచ్చును. తన కోరికను తగ్గించుకొనగా మిగిలినది మొదటిది. తన చేతిపనితో ఖర్చు తప్పించుకొనగా మిగిలినది రెండవది. పరుల పాలు కోసివేయగా మిగిలినది మూడవది. లెక్కపుస్తకములో మూడును ఒక్కతీరుగనే కనబడును. ధర్మము మాత్రము వానిని వేరువేరుగా చూచును.

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధములో అవధూత తన గురువులను చెప్పుచు తేనెటీగను పేర్కొనును. కూడబెట్టిన తేనెతోపాటు ఈగయు నశించును గనుక, భిక్షువు రేపటికని దాచరాదని దానినుండి నేర్చితినని అతని మాట. ఇది విన్న గృహస్థుడు తన గాదె ఖాళీ చేయవలెనా? అక్కరలేదు. ఆ నియమము యతికి. గృహస్థునికి మార్గము చూపునది మహాభారతములోని ద్రౌపది. అరణ్యపర్వములో సత్యభామతో మాట్లాడుచు, పాండవుల ఆదాయవ్యయములన్నియు తానొక్కతెయే ఎరిగియుండెడిదాననని, ఇంటివారు, పనివారు, అతిథులు భుజించిన పిమ్మటనే తాను భుజించెడిదాననని ఆమె చెప్పును. చక్రవర్తి పట్టమహిషికి లెక్క తెలిసియుండుట చిన్నతనము కాలేదు. సంసారమునకు లెక్క కావలెను. ఆ లెక్కలో అందరి వంతును ఉండవలెను. ద్రౌపది మాటల సారమిదియే.

మొదటి రెండు దారులలో వచ్చిన పొదుపునకు ఉత్తరాంధ్ర గృహములు చిరకాలముగా పాఠశాలలు. చోడిపిండి అంబలి ఒక పూట కడుపు నింపును. అన్నము వార్చిన గంజి పారబోయక తరవాణి కుండలో పోసినచో మరునాటి చద్దన్నమునకు పులుపు సమకూడును. ఆ కుండను నిత్యము శుభ్రపరచుట మాత్రము మరువరాదు. మిగిలిన గంజి నూలుబట్టలకు బిగువు నిచ్చును. వేసవిలో చింతపండు చౌకగా దొరకునప్పుడు పిక్క తీసి, ఉప్పు కలిపి జాడీలలో అదిమినచో ఏడాది పొడుగునను వచ్చును. కందులు, పెసలు బాగుగా ఎండబెట్టి, ఎండిన వేపాకు కలిపి దాచినచో పురుగు పట్టదు. కొబ్బరాకు ఈనెలతో చీపురు, చిరిగిన చీరలతో బొంత, కుంకుడుకాయతో తలంటు, ఇంటి ప్రత్తితో దీపపు వత్తులు—ఇవన్నియు అంగడికి పోనక్కరలేని వస్తువులు.

నేటి కాలమునకు తగినవియు కొన్ని కలవు. పప్పును, బియ్యమును వండుటకు ముందు అరగంట నానబెట్టినచో గ్యాసు ఆదా అగును. నీరు మరుగుట మొదలిడిన పిదప మంట పెంచినను నీటి వేడి పెరగదు, ఆవిరియే ఎక్కువగును. కావున మూతపెట్టి మంట తగ్గించుట యుక్తము. పాత 60 వాట్ల బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 9 యూనిట్లు ఖర్చగును. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు ఒకటిన్నర యూనిటు కూడ కాదు. దినమునకు 10 రూపాయలు మిగిల్చినను ఏడాదికి 3,650 రూపాయలగును. ఈ పొదుపువలన ఎవరి కన్నీరును కారదు, ఎవరి కడుపును మాడదు. ఇట్లు వచ్చిన రూపాయిని భగవంతుని ముందుంచుటకు గృహస్థుడు సంకోచింపనక్కరలేదు.

చిక్కు మూడవ దారితోనే. అది తరచుగా మొదటి రెండు దారుల వేషమున వచ్చును. వాకిటికి వచ్చిన కూరలమ్మితో రెండు రూపాయలకై గడియసేపు బేరమాడి గెలిచిన ఇల్లాలు తాను పొదుపు చేసితినని సంతసించును. నాట్ల కాలమున కూలి డబ్బులు వారమునకు వాయిదా వేసిన రైతు తన సొమ్ము నిలిచినదని తలచును. ఆ రెండు రూపాయలతో కూరలమ్మి ఇంట నూనె వచ్చెడిది; ఆ వారము కూలితో కూలివాని బిడ్డకు మందు వచ్చెడిది. సొమ్ము మిగులలేదు, ఒక ఇంటినుండి మరొక ఇంటికి నడచినది. దానికి పొదుపని పేరుపెట్టుట మాటను అపవిత్రము చేయుటయే.

ఆ జిల్లాలోనే గల పొందూరు ఈ విషయమును చక్కగా బోధించును. అచ్చటి ఖద్దరు సన్నదనమునకు గాంధీమహాత్ముని మెప్పు పొందినది. ప్రత్తిని శుభ్రపరచుటకు వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా వాడుట అచ్చటి నేర్పు. తినగా మిగిలి పారవేయవలసిన ఎముకను పనిముట్టుగా చేసికొనిన ఆ నేర్పు పొదుపునకు పరాకాష్ఠ. అయితే ఆ గుడ్డ చౌక కాదు. ప్రత్తి ఏకినవారు, నూలు వడికిన స్త్రీలు, నేసినవారు, ఇందరి దినములు దానిలో ఉన్నవి. మిల్లుబట్ట కొనువాడు దోషి కాడు. అది అతని శక్తిని బట్టి ఉండును. కాని ఖద్దరు కొనగలిగియుండి, ఆ వడికిన చేతుల వంతును తగ్గింపుమని అడుగువాడు, చేప ఎముకను కూడ వృథా కానీయని ఆ చేతుల శ్రమను వృథా చేయుచున్నాడు.

ఈ మూడవ దారి వీధిలోనే కాక ఇంటిలోపల కూడ కలదు. అది మరింత సూక్ష్మము. అనేక గృహములలో పొదుపు తల్లి పళ్ళెముతో మొదలగును. అందరును తినిన పిమ్మట మిగిలినది ఆమెకు. మిగులనినాడు మజ్జిగయో, మంచినీరో. పిదప కూతురి చదువు. ఆ పిదప వృద్ధుల మందులు. ఉద్దానము పల్లెలను చిరకాలముగా పీడించుచున్న మూత్రపిండముల వ్యాధి ఎంతటి గుట్టు శత్రువో ఆ జిల్లావారికి తెలియనిది కాదు. బాధ కనబడునప్పటికే చాల నష్టము జరిగియుండును. రక్తపరీక్షకగు కొద్ది సొమ్మును మిగిల్చి, పిదప ఆస్పత్రికి వేలు ధారపోసిన సంసారము లెక్కలోను ఓడినది, ధర్మములోను ఓడినది. ద్రౌపది చివర భుజించినది నిజమే. కాని అది ఆమె తానై పూనిన వ్రతము. ఇతరులు ఒక స్త్రీపై మోపిన ఆకలి వ్రతమనిపించుకొనదు. త్యాగము తనది కావలెను, పరులచే చేయించునది కారాదు.

పరుల పాలు కోయు బుద్ధి చివరకు ఏ తీరమునకు చేర్చునో విజయనగరమువాసి గురజాడ అప్పారావు తన కన్యాశుల్క నాటకమున చూపెను. అది 1892లో మొదట ప్రదర్శితమైనది. అందు లుబ్ధావధాన్లు పేరులోనే లోభము నిలుపుకొనిన వృద్ధుడు. తక్కువ శుల్కమునకు పిల్ల దొరకినదని మురిసి, ఆడువేషము వేసిన బాలుని పెండ్లాడి నవ్వులపాలైనాడు. నవ్వు వెనుక ఉన్న విషాదమేమనగా, అతని దృష్టిలో పసిబిడ్డయు బేరమాడదగిన సరకే. భాగవతములో అవంతీనగరపు బ్రాహ్మణుని కథయు ఇట్టిదే. భార్యాబిడ్డలకు, అతిథులకు, తనకును పెట్టక కూడబెట్టిన అతని సొమ్ములో కొంత బంధువులు, కొంత దొంగలు, కొంత రాజు, కొంత కాలము పట్టుకొనిపోయిరి. అప్పుడతనికి వివేకము కలిగి భిక్షువైనాడు. సొమ్ము పోవుట అతనికి అనుగ్రహమైనది; కాని అతని ఇంట ఆకలితో గడచిన దినములను ఎవరును తిరిగి తేలేకపోయిరి.

అట్లైన గృహస్థునికి కొలత ఏది? వామనావతార ఘట్టమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఒక కొలత చెప్పెను: ధనమును ధర్మమునకు, కీర్తికి, తిరిగి సంపాదించుటకు, సుఖమునకు, తనవారికి అని అయిదు భాగములు చేసినవాడు ఇహపరములందు సుఖించునని. చెప్పిన సందర్భము దానమును ఆపుటకే అయినను, ఆ విభాగములో గృహస్థుడు గ్రహింపవలసిన తెలివి ఉన్నది. ధర్మము మొదట వచ్చినది, తిరిగి సంపాదించుటకు మూలధనము నిలుపవలెనన్నది, సుఖమును పాపమనలేదు, తనవారిని మరువలేదు. కొత్తమ్మతల్లి జాతరకు బంధువులు వచ్చినప్పుడు కడుపునిండ పెట్టుట ఈ అయిదింటిలోనిదే. పొరుగువానిని మించవలెనని వడ్డీకి అప్పు తెచ్చి ఆర్భాటము చేయుట వీనిలో ఏదియు కాదు. అమ్మవారు అప్పుపత్రము వ్రాయుమని ఎవరిని అడుగలేదు.

అయినను బలి ఆ లెక్క దగ్గర ఆగలేదు. ఇత్తునన్న మాటకై సర్వస్వమును ఇచ్చెను. అతని వాకిట భగవంతుడు కావలి నిలిచెను. నిత్యజీవితమునకు శుక్రుని లెక్క. వామనుడు వాకిట నిలిచినప్పుడు బలి చేయి. ఈ రెండును విరుద్ధములు కావని 2018 అక్టోబరులో ఆ జిల్లాపై తిత్లీ తుపాను విరుచుకుపడినప్పుడు తేటపడవలసినది. ఉద్దానమున ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగినవి. అట్టి దినమున గాదెలో గింజలున్న ఇల్లు ఊరికి అండ. దాచుకొనిన పిడికెడు బియ్యము ఎందుకని అడిగినచో, ఇట్టి దినమున పొరుగింటి పొయ్యి వెలిగించుటకని సమాధానము. ఆనాడును తలుపు మూసికొనినచో అప్పటివరకు చేసినది పొదుపు కాదు, లోభమేనని తేలిపోవును. దాచిన చేయి తెరచుకొను దినమే ఆ రెంటికిని పరీక్ష.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. దినకూలి దినమునకే చాలనివాడు ఏమి మిగుల్చును? అట్టివానికి పొదుపు బోధించుట ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుటవంటిది. అతని విషయమున ధర్మము అతనిని ప్రశ్నింపదు. అతనికి పనియిచ్చిన యజమానిని ప్రశ్నించును. కూలి పూర్తిగా ఇచ్చితివా, చెమట ఆరకమునుపే ఇచ్చితివా అని. మ్రొక్కు తీర్చలేకపోతినని అట్టివాడు కుమిలిపోనక్కరలేదు. కుచేలుని భార్య ద్వారకకు పంపిన అటుకులు ఆమె పొరుగిండ్ల అడిగి తెచ్చినవి. శ్రీకృష్ణుడు ఆ మూటను లాగికొని తినెనేగాని, అది ఏపాటిదని తూచలేదు.

కావున గృహస్థుడు ముడుపులో రూపాయి వేయుటకు ముందు మూడు మాటలు తన్ను తాను అడుగుకొనుట మేలు. ఇది నా కోరిక తగ్గించుకొనగా వచ్చినదా, ఇంకొకరి కంచము తగ్గింపగా వచ్చినదా? దీనిని మిగుల్చుటకు నేను పనిచేసితినా, ఇంకొకరి పనిని ఊరక తీసికొంటినా? ఆపదలో ఉన్నవాడు రేపు అడిగినచో దీనిని తీసి ఈయగలనా? ఈ మూడింటికిని తడబడక సమాధానము చెప్పగలిగినచో ఆ రూపాయి పవిత్రము. చెప్పలేనినాడు దానిని హుండీకి చేర్చుటకంటె, ఎవరి వంతునుండి తీసినదో వారి చేత పెట్టుట ముందు చేయవలసిన పని. కూలివానికి బాకీ తీర్చిన చేయి శ్రీనివాసుని ముందు జోడింపదగిన చేయి.

వనవాసమున దుర్వాసుడు శిష్యగణముతో వచ్చినప్పుడు ద్రౌపది పాత్ర కడిగి బోర్లించియున్నది. శ్రీకృష్ణుడు ఆ పాత్రనే తెమ్మని, అంచున అంటుకొనియున్న ఆకుకూర ముక్కను భుజించి లోకమును తృప్తిపరచెను. ఆ ముక్క ఎవరి నోటినుండియు లాగినది కాదు. అందరును తినిన పిమ్మట మిగిలినది. అట్టి మిగులు ఎంత చిన్నదైనను భగవంతునికి చాలును.