ఔషధ దానము - అభయ దానము

చంద్రపూరునకు ఉత్తరమున సుమారు 25 కిలోమీటర్ల దూరములో భద్రావతి క్షేత్రమున్నది. అటు విదర్భ నుండియు, ఇటు తెలంగాణము నుండియు శ్రావక కుటుంబములు పార్శ్వనాథ స్వామి దర్శనమునకు అక్కడికి పోవుచుండును. స్వామి శిరస్సుపై పడగ పట్టు నాగరాజు కథ ఆ ఇండ్లలో పసిపిల్లలకు సైతము తెలిసినదే. కాశీలో కమఠుడను తాపసి నాలుగు వైపుల మంటలు పెట్టుకొని, పైన సూర్యుడు మండుచుండగా పంచాగ్ని తపస్సు చేయుచుండెను. పార్శ్వకుమారుడు అటు వచ్చి, ఆ మండుచున్న కట్టెలో పాము కాలుచున్నదని చెప్పెను. జంట పాములని కొందరందురు. కట్టెను చీల్చి చూడగా సగము కాలిన ప్రాణి బయటపడెను. నవకార మంత్రము చెవిని పడి అది ధరణేంద్రుడై జన్మించెను.

ఈ కథ చెప్పునపుడు పెద్దలు నవకార మహిమనే ఎక్కువగా చెప్పుదురు. అది సరియే. కాని కమఠుని సంగతి కూడ కొంత ఆలోచింపదగినది. ప్రాణిని చంపవలెనని అతడు ఆ కట్టెను మంటలో పెట్టలేదు. పుణ్యకార్యము చేయుచున్నాననియే అతని నమ్మకము. కట్టె లోపల ఏమున్నదో చూడలేదు. చూడవలెనని అతనికి తోచనే లేదు. ఏమరుపాటుచేత ప్రాణము తీయుటయే హింస అని ఉమాస్వాతి ఆచార్యులు చెప్పినది ఇట్టి వానికి సరిగా తగులును.

కాలేయ రోగమునకు నేటి వైద్యశాస్త్రము వెదకుచున్న క్రొత్త చికిత్సలను గూర్చి తెలిసికొన్నపుడు ఆ కట్టె జ్ఞప్తికి రాక మానదు.

కాలేయము మనిషి దేహములో మిల్లును గిడ్డంగియు కలిసినట్టిది. తిన్న ఆహారమును మార్చి నిల్వ చేయుట, విషములను విరుచుట, రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను తయారు చేయుట దాని పనులు. అది మద్యము వలననే చెడునని లోకములో ఒక అపోహ కలదు. జన్మలో మద్యము ముట్టని ఇండ్లలో కూడ హెపటైటిస్ బి, సి వలనను, మధుమేహముతో పాటు పేరుకొను క్రొవ్వు వలనను సిర్రోసిస్ వచ్చుచున్నది. పగలంతయు గద్దె మీద కూర్చుండి వ్యాపారము చేయువారికి ఈ మాట కొంచెము చేదుగా ఉండవచ్చును. మూత్రపిండములు చెడినచో డయాలిసిస్ యంత్రముతో ఏండ్లు గడపవచ్చును. కాలేయమునకు అట్టి యంత్రము లేదు. చివరి దశలో మార్పిడియే గతి. చంద్రపూరు వైపు వారు రోగిని నాగపూరుకో, లేదా బల్లార్షాలో రైలెక్కించి కాజీపేట మీదుగా హైదరాబాదుకో తీసికొనిపోవుదురు.

కాలేయమునకు ఒక విచిత్రమైన గుణమున్నది. బ్రతికియున్న దాత అందులో సగమునకు పైగా కోసి ఇచ్చినను, మిగిలిన భాగము కొన్ని మాసములలో దాదాపు పూర్వపు పరిమాణమునకు పెరుగును. శాంతినాథ స్వామి పూర్వజన్మలో మేఘరథ మహారాజై, శరణు వచ్చిన పావురమును కాపాడుటకు తన మాంసమును కోసి త్రాసులో పెట్టెను. తండ్రికి కుమారుడు, బిడ్డకు తల్లి కాలేయము నిచ్చునపుడు ఆ త్రాసే మరల కనబడును. ఇచ్చువాడు తెలిసి ఇచ్చుచున్నాడు, తన దేహమునే ఇచ్చుచున్నాడు. ఇక్కడ ధర్మసందేహము తక్కువ. చిక్కంతయు తరువాతనే ఉన్నది.

దాతలు చాలరు. అందుచేత కాలేయ కణములనే వేరుగా సంపాదించి రోగికి ఎక్కింపవచ్చునా అని శాస్త్రజ్ఞులు చూచిరి. ఈ పనిలో హైదరాబాదు వెనుకబడలేదు. దక్కన్ వైద్య కళాశాలలో డాక్టరు సి. ఎం. హబీబుల్లా గారును, వారి సహచరులును, కాలేయము హఠాత్తుగా చెడినవారికి పిండముల కాలేయ కణములను ఎక్కించి, ఆ ఫలితములను 1994లో ప్రకటించిరి. 2010లో ఆ బృందమువారే 25 మంది సిర్రోసిస్ రోగులకు పిండ కాలేయములోని మూలకణములను రక్తనాళము ద్వారా ఎక్కించి, మెరుగు కనబడినదని వ్రాసిరి. మూలకణము విత్తనపు గింజ వంటిది. తాను పెరిగి, వేరు వేరు కణములుగా మారగలదు. అయితే పాతికమందితో ఏ చికిత్సయు స్థిరపడదు. ఇదియు స్థిరపడలేదు.

ఆ కణములు గర్భస్రావమైన పిండములవి. గర్భము దానంతట అది జారుట వేరు, కోరి తీయించుట వేరు. మొదటిదానిలో ఎవరి సంకల్పమును లేదు. రెండవదానిలో పంచేంద్రియ జీవి ప్రాణహరణమున్నది. సీసాలోనికి వచ్చిన పిమ్మట రెండింటి రంగు ఒక్కటే. రోగి బంధువు అడిగిననే తప్ప ఎవరును చెప్పరు.

ఈ చిక్కును జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా చాలవరకు తొలగించెను. ఆయన 2006లో ఎలుక చర్మకణమును, 2007లో మనిషి చర్మకణమును మూలకణము వలె మార్చి చూపెను. 2012లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. 2013లో యొకోహామాలో తకనోరి తకేబే బృందము అట్టి కణములతో చిన్న కాలేయపు మొగ్గలను పెంచి, వాటిని ఎలుకల దేహములో నాటిరి. ఇక పిండముతో పని లేదు, రోగి చర్మము నుండియే రోగి కాలేయము పుట్టును అని పత్రికలు వ్రాసినవి. పూర్తి కాలేయము ఇంకను పుట్టలేదు గాని, ధర్మభీరువులకు ఊరట కలిగిన మాట నిజము.

జైన గృహిణి ఏ పదార్థము చూచినను మొదట అడుగు ప్రశ్న ఒకటున్నది: దీనిలో ఏమి వేసిరి? ఆ ప్రశ్న ఇక్కడ కూడ వేయవలసినది. ఆ కణములు ఏమి తిని పెరుగును?

ప్రపంచములోని ప్రయోగశాలలలో దశాబ్దములుగా వాడుకలో ఉన్న ఆహారము ఫీటల్ బొవైన్ సీరమ్. చూడి ఆవును కబేళాలో వధించిన పిదప, కడుపులోని దూడ గుండెకు సూది గ్రుచ్చి తీయు రక్తము నుండి దీనిని చేయుదురు. కణములకు పరుపుగా వేయు మాట్రిజెల్ అనునది ఎలుకల కంతి నుండి వచ్చును. పిండమును విడిచితిమని సంతోషించినవారు మరియొక పిండమును చేరిరి, అంతే. ఆలుగడ్డ ముట్టని ఇల్లు, చీకటి పడక ముందే భోజనము ముగించు ఇల్లు, ఈ పరిశోధనకు లక్ష రూపాయల చెక్కు వ్రాసినచో ఆ లక్షలో కొంత ఏ అంగడికి చేరునో తలచుకొనుటయే కష్టము.

దీనికి కొందరు ఒక సమాధానము చెప్పుదురు. ఆవును మాంసము కొరకు ఎటులైన చంపుదురు. రక్తము వృథాగా పోవుటకంటె రోగులకు ఉపయోగపడుట మేలు గదా అని. పండితుల మాట అటుంచి, వర్తకునికి ఈ మాట చెల్లదు. నూనె మిల్లు నడుపువానికి తెలకపిండి లెక్క తెలియును. బియ్యపు మిల్లువానికి తవుడు ధర తెలియును. ఉపసరకునకు ధర పలికినపుడే అసలు సరకు గిట్టుబాటగును. సీరమునకు పెట్టు ప్రతి రూపాయియు కబేళా చిట్టాలో జమ పడును. కృతము, కారితము, అనుమోదితము అని శాస్త్రము మూడింటిని లెక్కించినది ఊరకే కాదు. దాత పేరు చెక్కిన చలువరాతి పలక గోడకు ఎక్కినచో, అనుమోదనకు అంతకంటె వ్రాతపూర్వకమైన సాక్ష్యము వేరే అక్కరలేదు.

సీసాలో పెరుగు కణమునకే జీవమున్నదా అను ప్రశ్న మరియొకటి. ప్రజ్ఞాపనా సూత్రములో సమ్మూర్ఛిమ మనుష్యులు పుట్టు చోట్లు 14 చెప్పబడినవి. రక్తమును శవమును అందులో ఉన్నవి. దేహము నుండి వేరుపడిన మాంసకణమును ఆ లెక్కలో చేర్చవలెనా అనునది మునులు తేల్చవలసిన విషయము. గృహస్థుడు దానికై ఆగనక్కరలేదు. దూడ విషయములో సందేహమే లేదు గనుక.

అట్లని ఈ శాస్త్రమునకు తలుపు మూసివేయుట కూడ సరి కాదు. దీనికి రెండవ ముఖమున్నది. క్రొత్త మందు కాలేయమును చెరచునా లేదా అని చూచుటకు లెక్కలేనన్ని ఎలుకలను, కుందేళ్లను, కుక్కలను బలి పెట్టుచు వచ్చిరి. 2015లో బెంగుళూరులోని పాండోరం అను సంస్థ యంత్రముతో పొర పొరగా అచ్చువేసి చిన్న కాలేయ కణజాలమును తయారు చేసినట్లు ప్రకటించెను. మందులను పరీక్షించుటకు ఉపయోగపడుట అందులో ఒక ఉద్దేశము. 2023 మార్చిలో భారత ప్రభుత్వము నిబంధనలను సవరించి, జంతువులకు బదులు ఇట్టి కణజాలముల మీద జరుపు పరీక్షలకు చోటిచ్చెను. ఒక చేతితో దూడ రక్తమును త్రాగిన శాస్త్రమే మరియొక చేతితో వేల ప్రాణులకు అభయమీయగలదు. సీరము లేని మాధ్యమములును ఇప్పుడు దొరకుచున్నవి. వాటి ఖరీదు ఎక్కువ. ప్రతి కణమునకును సరిపడవు. అలవాటైన పద్ధతిని మార్చుటకు పరిశోధకులకు శ్రమ.

ఇక్కడ రోగిని దాతను ఒకే కొలతతో కొలవరాదు. ఇంటి పెద్ద కడుపు ఉబ్బి, కన్నులు పచ్చబడి మంచములో ఉండగా, కుమారుడు డాక్టరును సీరము సంగతి అడుగలేదని నలుగురును తప్పుపట్టుట నిర్దయ. మార్పిడి జరిగినవాడు దీర్ఘకాలము మ్రింగు టాక్రోలిమస్ మందు సైతము జపాను మట్టిలో దొరకిన సూక్ష్మజీవి నుండి వచ్చినదే. గుళిక పైతొడుగు జెలటినని తెలిసి కూడ కన్నులు మూసికొని మ్రింగినవారు ప్రతి ఊరిలో ఉన్నారు. గృహస్థుని వ్రతము అణువ్రతము. ఆపదలో అతడు చేయు పనికి ప్రాయశ్చిత్తమున్నది. దాత సంగతి వేరు. అతనికి ఆపద లేదు, తొందర లేదు. ఆరోగ్యముగా కూర్చుండి, తీరికగా ఇచ్చుచున్నాడు. బస్తాలో చేయి పెట్టి గింజ చూడనిదే ధర చెప్పని మనిషి, దానము దగ్గరికి వచ్చుసరికి చూడకుండ సంతకము పెట్టుట వింత.

మూలకణ చికిత్స చేయుదుమని ప్రకటనలిచ్చు చోట్ల విషయములో రోగి కూడ ఒకటి అడుగవలెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నియమముల ప్రకారము, రక్త సంబంధమైన కొన్ని రోగములకు చేయు మజ్జ మార్పిడి తప్ప, మూలకణములను అనుమతి పొందిన ప్రయోగములలోనే వాడవలెను. దానికి రోగి దగ్గర సొమ్ము తీసికొనరాదు. కాలేయము బాగుచేయుదుమని లక్షలడుగువాని దగ్గర నుండి లేచి వచ్చుటయే లాభము.

దాత అడుగవలసినవి ఎక్కువ లేవు. కణములు ఎవరివి, ఎట్లు వచ్చినవి? సీసాలో పోయు ఆహారమేది? దూడ సీరమునకు బదులు వేరు మాధ్యమము వాడినచో సాలుకు ఎంత ఎక్కువ పడును? ఆ ఎక్కువ పడు సొమ్మును తానే భరింతునని, దానికి మాత్రమే ఖర్చు పెట్టవలెనని దాత వ్రాసి ఇయ్యవచ్చును. తక్కిన విరాళము ఔషధ దానము క్రింద ఉండగా, దీనిని అభయ దానము క్రింద వేరే పద్దుగా ఖాతాలో వ్రాసికొనవచ్చును.